తేనెరంగు గిన్నె

అచ్చులో పోసి చేసిన పాత గాజు సామాను కొనేటప్పుడు నేను కళ్లను నమ్మను, గోరును నమ్ముతాను. కళ్లు నగిషీ చూసి మురిసిపోతాయి. బొటనవేలి గోరు మాత్రం అంచు వెంట తిరిగి, పెచ్చు లేచిన చోట ఆగుతుంది. అమ్మేటప్పుడు ఆ పెచ్చును గోడవైపు తిప్పి పెడతాను. అడిగితే చెబుతాను. అడగనివాళ్లకు చెప్పి బేరం చెడగొట్టుకోవడం నాకు చేతకాదు.

అమ్ముడుపోనివి ఇంటికొస్తాయి. మా ఇల్లు కుంటి గిన్నెల ఆసుపత్రి అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది.

ఆ మధ్యాహ్నం మనవరాలు, మేం పిచ్చుక అని పిలుచుకునే నాలుగేళ్లది, తేనెరంగు గిన్నెలో పండ్ల ముక్కలు తిని గిన్నె నా చేతికిచ్చింది. అలవాటుగా గోరు తిప్పాను. ఆగింది.

పాత పెచ్చులో మురికి దిగి మసకగా ఉంటుంది. ఇది తళతళలాడుతోంది. బియ్యపు గింజలో సగం ఉంటుంది. పొద్దున లేదు.

గొంతు మామూలుగానే ఉంచుకుని, నోట్లో ఏమైనా గుచ్చుకుందా అని అడిగాను.

"లేదు తాతయ్యా. కరకరలాడింది. నమిలేశాను."

పిల్ల తల్లి, మా కోడలు, వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ముక్కల మీద చక్కెర చల్లానని, ఆ కరకర దానిదేనేమోనని అంది. అంటూనే పిల్ల నోరు తెరిచి నాలుక కింద వెతికింది. రక్తం లేదు.

చక్కెర, గాజు రెండూ ఒకేలా మెరుస్తాయి. నీళ్లలో వేస్తేనే తేడా తెలుస్తుంది. గిన్నె అడుగున మిగిలిన రసం, బల్ల మీదా పిల్ల గౌను మీదా రాలిన పలుకులు, అన్నీ గోరువెచ్చని నీళ్లలో వేసి కలిపాను. నేను, మా ఆవిడ, కోడలు ముగ్గురం తలలు ఆనించి చూశాం. ఒక్కో పలుకూ కరిగిపోయింది. ఒకటి కరగలేదు.

పట్టకారుతో తీసి, భూతద్దం కింద అంచుకు ఆనించాను. సరిగ్గా కూర్చుంది. పిల్ల మింగలేదన్నమాట.

మా ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఇంకోసారి ఈ కుంటి సంత ఇంట్లోకి తెచ్చారంటే మిమ్మల్నే బయట పెడతాను."

కోడలు ఏడుస్తూనే నవ్వింది. నేను నవ్వలేదు. నా గోరు ఇంకా అంచు వెంట తిరుగుతూనే ఉంది. అచ్చు అతుకు గీత దాటాక మళ్లీ ఆగింది. ఆవగింజంత. ఇదీ తళతళలాడేదే. నీళ్లలో ఇంకేమీ లేదు.

ఆ వైపు గోడకు తిరిగి ఉంది. నోరు మెదపకపోతే ఎవరికీ తెలియదు. ఇంత చిన్న పలుకు తనంతట తానే పోతుందిలే అని లోపల బేరం మొదలైంది. నలభై ఏళ్లుగా నేను ఓడించలేకపోయిన గొంతు అది.

గిన్నెను కోడలివైపు తిప్పాను.

"ఇంకోటి ఉందమ్మా. ఇది దొరకలేదు. డాక్టరు దగ్గరికి పద."

ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా పిల్లను చంకనెత్తుకుని మెట్లు దిగింది. పెచ్చు ఎంత పోయిందో డాక్టరుకు చూపించాలని గిన్నెను గుడ్డలో చుట్టుకుని వెనకాలే పరుగెత్తాను. పిచ్చుక తల్లి భుజం మీదుగా నన్నే చూస్తోంది. ఎలా కరకరలాడిందో చూపించడానికి, ఖాళీ నోరు నములుతోంది.