మోదుగాకు దొన్నె

దేవమణి నోటికి పాలెంలో ఎవరైనా జడుస్తారు. గుడి అయ్యగారు ప్రేమానందం కూడా జడుస్తారు, కాకపోతే పైకి కనబడనివ్వరు. ఆ ఆదివారం మాత్రం ఆమె వైపు చూడకుండానే సంగతి చెప్పేశారు.

ఆ ఏడు ఎండలతోపాటే చందర్లపాడు దారి పొడుగునా కలరా దిగింది. నందిగామ నుంచి హెల్త్ ఇన్‌స్పెక్టరు దశరథరామయ్య వచ్చి అందరికీ సూదులు పొడిచి, ఒకరు తాగిన పాత్రలో ఇంకొకరు తాగొద్దని గట్టిగా చెప్పిపోయాడు. గుడిలో ప్రభువు సంస్కారానికి ద్రాక్షారసం తాగే గిన్నె ఒక్కటే. అందరూ దాన్నే పెదవులకు ఆనించుకోవాలి. చూస్తే వారంలో ఈస్టరు పండగ.

"ఈసారికి ఎవరి గ్లాసు వాళ్ళు తెచ్చుకోండి. అందులో పోస్తాను," అన్నారు అయ్యగారు.

దేవమణి లేచింది. "నాకో గ్లాసుందండీ. జగ్గయ్యపేట హోటల్లో మా వాళ్ళకని వేరేగా చూరు కింద పెట్టుంటది. నేనే తీసుకుని, తాగి, నేనే కడిగి పెట్టాలి. అది తెమ్మంటారా?"



ఆమె ఉక్రోషం ఊరికే వచ్చింది కాదు. ఒకరింట ఒకరు మంచినీళ్ళు ముట్టని రెండు పాలేల వాళ్ళు, బాప్తిస్మం పుచ్చుకున్నాక ఒకే గిన్నెలో తాగారు. ఎదుటి పాలెం ఆరోగ్యమ్మ తాగిన చోటే దేవమణీ తాగింది. దేవుడున్నాడని ఆమెకు నమ్మకం కుదిరింది ఆనాడే. మళ్ళీ ఇక్కడ కూడా ఎవరి గ్లాసు వాళ్ళదేనా?

"నేను రానండీ," అని వచ్చేసింది. వచ్చేసిందే గానీ, పండగనాడు సంస్కారం లేకుండా ఎలా ఉండాలో తెలియక, వారమంతా ఏడుస్తూనే విస్తళ్ళు కుట్టింది.

శనివారం అయ్యగారు సైకిలేసుకుని వచ్చారు. "నిన్ను బతిమాలదామనే వచ్చానమ్మా. ముందు కాసిని మంచినీళ్ళియ్యి."

కోపం కోపమే, మర్యాద మర్యాదే. చేతిలో ఉన్న మోదుగాకునే మడిచి, పుల్లలు గుచ్చి దొన్నె చేసి, కాచి చల్లార్చిన నీళ్ళు పోసింది. ఆయన తాగి, దొన్నెను దడి అవతలికి విసరబోయి ఆగారు.

"ఇది ఎవరి దొన్నె, దేవమణీ?"

"ఎవరిదేంటండీ, తాగి పారేసేదేగా! పెళ్ళిలో కరణంగారు తిన్నా ఆకే, నేను తిన్నా ఆకే."

అనేశాక ఆయన మొహంలోకి చూసింది. ఇంకో ఆకు చేతిలోకి తీసుకుని, "ఎన్ని కావాలండీ?" అంది.

పండగనాడు గిన్నె ఒక్కటే. అందులోంచి అయ్యగారు చిన్న గరిటెతో అందరి దొన్నెల్లోనూ ద్రాక్షారసం పోశారు. ఆరోగ్యమ్మ, దేవమణి పక్కపక్కనే మోకరించి తాగారు. ఆరాధన అయ్యాక, సంస్కారం తాకిన ఆకులు కాళ్ళకింద పడకూడదని, గుడి వెనక కుప్పపోసి కాల్చారు. ఏ దొన్నె ఎవరిదో కుట్టిన మనిషే పోల్చుకోలేకపోయింది. తన చేత మాటలు పడి కూడా తన గుమ్మానికొచ్చి నీళ్ళడిగిన అయ్యగారిని చల్లగా చూడమని ప్రభువును వేడుకుంది.

కలరా తగ్గాక విస్తళ్ళు అమ్ముకోవడానికి జగ్గయ్యపేట వెళ్ళింది. హోటల్ ముందు ఆగి టీ అడిగితే, ఆసామి అలవాటుగా చూరు వైపు చెయ్యి చూపించాడు. దేవమణి సంచిలోంచి దొన్నె తీసి చాపింది.

"ఇందులో పొయ్యండి."

టీ వేడికి వేళ్ళు చురుక్కుమన్నాయి. అయినా నిదానంగా తాగి, అందరి ఎంగిలాకులూ పడే గంపలోనే తన దొన్నె కూడా వేసింది. కడిగే పని లేని చేతులు దులుపుకుని, ప్రభువుకు స్తోత్రం చెప్పుకుంటూ బస్సెక్కింది.