నాణెం మీద జియా కొడుకు

రోము టంకశాలలో నాణేలకు అచ్చులు చెక్కే హెర్మెరోస్‌కి అక్కడి పెద్ద పనివాడి పదవి మీద ఎప్పట్నుంచో కన్నుంది. చక్రవర్తి డేసియా దేశాన్ని గెలిచి వచ్చాడు. గెలిస్తే చాలదుగా, ఊరూరా తెలియాలి. నాణేనికి ఒక వైపు ఆయన ముఖం, రెండో వైపు నేల మీద కూలబడి ఏడ్చే ఆడమనిషి. ఆ ఆడమనిషే ఓడిన దేశమన్నమాట. హెర్మెరోస్ రెండు అచ్చులు చెక్కి చూపిస్తే అధికారి ఆప్టాటస్ రెండూ పక్కన పడేశాడు.

"ఏమయ్యా, ఈవిడ దేశం పోయి ఏడుస్తోందా, పన్ను నొప్పితో ఏడుస్తోందా?"

టంకశాలంతా గొల్లున నవ్వింది. తల కొట్టేసినట్టయి ఇంటికొచ్చిన హెర్మెరోస్, వంటింటి బానిస జియాని పెరట్లోకి పిలిచాడు. నిరుడు బానిసల సంతలో కొన్న డేసియా మనిషి. కూర్చోమంటే గుంజలా కూర్చుంది.

"అలా కాదే. సైనికులు మీ ఊరి మీద పడ్డ రోజున ఎలా కూర్చున్నావో అలా కూర్చో."

జియా అతని వంక ఒకసారి చూసింది. తర్వాత మోకాళ్లు ముడుచుకుని, తల అరచేతిలో ఆనించింది. హెర్మెరోస్ ఆ భుజం వంపే చూశాడు. మొహం చూడలేదు.

ఈసారి అచ్చు చూసి ఆప్టాటస్ అతని వీపు తట్టాడు. ఆ అచ్చు పడ్డ కొత్త వెండి నాణెం హెర్మెరోస్ ఇంట్లో ఇచ్చి చేపలు తెమ్మంటే, జియా దాన్ని చాలాసేపు చూసింది.

"ఇది నేనే కదా దొరా? మరి నా కొడుకేడీ? ఆ రోజు వాడు నా మోకాలు పట్టుకునే ఉన్నాడు. సంతలో వాణ్ణి వేరేవాళ్లు కొనుక్కుపోయారు."

"చోటు చాల్లేదే," అన్నాడు. ఆ రోజు నీతో ఎవరున్నారో నేను అడగనే లేదని చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడు ఆప్టాటస్ బంగారు నాణేనికి అచ్చు కావాలన్నాడు. "ఇంకాస్త గుండె పిండేలా ఉండాలయ్యా. ఏం పెడదాం?"

"పక్కన ఓ పిల్లాడు. మోకాలు పట్టుకుని," అనేశాడు హెర్మెరోస్.

"అదీ బుర్రంటే! ఇవాళ్టి నుంచి పెద్ద పనివాడివి నువ్వే పో."

ఆ బంగారు నాణెం ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడు జియా తొంగి చూసింది.

"మా వాడే! వాణ్ణి గుర్తుపెట్టుకున్నారా దొరా!"

గబుక్కున వంగి అతని కుడిచెయ్యి అందుకుని ముద్దు పెట్టుకుంది. మీ మేలు మరిచిపోనంది. హెర్మెరోస్ సిగ్గుతో చచ్చిపోయాడు. చెయ్యి లాక్కుంటే ఎందుకో చెప్పాలి. చెప్పే ధైర్యం లేక, ఆమె వదిలేదాకా అలాగే నిలబడ్డాడు.