ఇరవై అంగల దూరం

నేను ఒక జనరేటరును. ఇద్దరు మనుషులు చెరో పక్క పట్టుకుంటే లేస్తాను, తాడు పట్టి లాగితే పలుకుతాను. పలకడమంటే మామూలుగా కాదు, నేను మొదలుపెట్టానంటే చుట్టుపక్కలవాళ్లు మాటలు మానుకోవాల్సిందే. ఎక్కడో దూరాన ఫ్యాక్టరీలో నన్ను బిగించారు, అక్కడి సంగతులు నాకు అంతగా గుర్తు లేవు. లారీలో కుదుపులు తింటూ అమలాపురం చేరడం, దుకాణంలో బుల్లెబ్బాయి నా ట్యాంకు మీద అరచెయ్యి వేసి "ఇదే ఇచ్చెయ్యండి" అనడం మాత్రం నిన్న జరిగినట్టే ఉంది.

బుల్లెబ్బాయిది మైకుసెట్టు. పెళ్లి పందిళ్లకీ, హరికథలకీ నన్ను రిక్షాలో వేసుకుని తిరిగేవాడు. నాతోపాటు ఒక చిన్న పుస్తకం వచ్చింది. అందులో ఇల్లు గీసి, ఇంట్లో నన్ను గీసి, నా మీద ఇంటూ మార్కు కొట్టారు. బుల్లెబ్బాయి దాన్ని నాలుగు మడతలు పెట్టి, ఒక కాలు పొట్టిగా ఉన్న ఆంప్లిఫయర్ బల్ల కింద దూర్చాడు. బల్ల ఊగడం మానేసింది. ఆ పుస్తకం వల్ల ఆ ఇంటికి కలిగిన లాభం అదొక్కటే.

అలాగని అతను అజాగ్రత్త మనిషి కాదు. నా ఒళ్లు వేడిగా ఉండగా ఒక్క చుక్క పెట్రోలు పొయ్యడు. నన్ను ఆపి, టీ తాగి, చల్లబడ్డానో లేదో చేత్తో చూసి అప్పుడు పోసేవాడు. ఇంటి ప్లగ్గులో నా వైరు ఎన్నడూ గుచ్చలేదు. "లైన్లోకి కరెంటు వెనక్కెళ్తే స్తంభమెక్కినోడి గతేంటి?" అనేవాడు. అన్నిటికంటే అతనికి భయం వాన. నేను తడిస్తే తన బిడ్డ తడిసినట్టే గిలగిల్లాడేవాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ ముద్దు నాకు ఎంతో బాగుండేది.

ఆ ముద్దే కొంప ముంచబోయింది.

ఆ ఏడు తుఫానుకి స్తంభాలు వరసగా పడుకున్నాయి. మూడో రోజుకి ఇంటి మీది ట్యాంకులో చుక్క నీరు లేదు. ఇంట్లో చూస్తే పురిటికి వచ్చిన కూతురు పావని, పద్దెనిమిది రోజుల పసిగుడ్డు. పిల్లకి నీళ్లు పొయ్యాలి. మోటారు తిప్పమని పొద్దున్నే నన్ను బయటికి తీశారు. వాన ఇంకా పడుతూనే ఉంది. బుల్లెబ్బాయి నన్ను పెరటి వరండాలోకి చేర్చి, జల్లు కొట్టకుండా మూడు పక్కలా పట్టాలు కట్టి, నా వైరుని మోటారుకి కలిపి తాడు లాగాడు. వరండా గోడకి అవతల బాలింత గది. నా పొగగొట్టానికి సూటిగా ఆ గది వెంటిలేటరు.

బాలింతకి గాలి తగలకూడదని ఆ గది కిటికీ బిగించి, సందుల్లో పాత చీర పీలికలు కుక్కారు. లోపలికి వెళ్లేది ఒక్క నా ఊపిరే. మనుషులకి నా పొగ కొంచెం కనిపిస్తుంది, కొంచెం కంపు కొడుతుంది. ప్రాణం తీసే భాగానికి మాత్రం రంగూ ఉండదు, వాసనా ఉండదు. అది నాకు తెలుసు. కానీ నాకున్న నోరు ఒక్కటే రకంగా మోగుతుంది. నేను మోగుతూనే ఉన్నాను.

ఆ ఇంట్లో రోజూ పిల్ల స్నానం వేళకి సాంబ్రాణి ధూపం వేస్తారు. గదిలో పొగ కమ్మితే ఎవరూ వింతగా చూడరు. బుల్లెబ్బాయి భార్య మంగాయమ్మకి ఆ రోజు జలుబు చేసి ముక్కు మూసుకుపోయింది. గోడకి ఆనుకుని పావని నిద్రపోతోంది, ఒళ్లో పిల్లా నిద్రపోతోంది. పాపం, ఇద్దరూ అలసిపోయారనుకుంది. కాసేపటికి కణతలు నొక్కుకుంటూ, నీళ్లు పొయ్యడానికి వచ్చిన సత్తెమ్మని గుమ్మంలోంచే కేకేసింది.

"ఏమే సత్తెమ్మా, సాంబ్రాణి అంత దట్టంగా వేశావేంటే? నా తల పగిలిపోతంది!"

సత్తెమ్మ వాకిట్లో చూరు కింద పొయ్యి ఊదుతోంది. "నేనింకా వెయ్యలేదండి. బొగ్గులు తడిసిపోయి నిప్పు రాజుకోటం లేదండి," అంది. అని, ఊదుడుగొట్టం చేతిలో ఉండగానే ఆగిపోయింది. "మరి ఆ పొగెక్కడిదండీ?"

జవాబు కోసం చూడలేదు. గదిలోకి దూసుకొచ్చి పిల్లని లాక్కుని, వానలోకి పరిగెత్తింది. మంగాయమ్మ లబోదిబోమంది. "చంటిపిల్లే! చలిగాలి తగుల్తాదే!"

"చలి చేస్తే మందుందండి! ముందు పావనమ్మని తెండి, గాలిలోకి తెండి!"

బుల్లెబ్బాయి వచ్చి నన్ను ఆపేశాడు. లోపలికి పరిగెత్తి, మంగాయమ్మతో కలిసి పావనిని ఎత్తి బయటికి తెచ్చాడు. సత్తెమ్మ చేతుల్లో పిల్ల వేలాడిపోతోంది. సత్తెమ్మ అరికాళ్లు రుద్దింది, వీపు తట్టింది. వాన చినుకులు ఆ చిన్న మొహం మీద పడుతున్నాయి. ఒకసారి పెదవులు కదిలాయి. తర్వాత ఏడుపు వచ్చింది, ముందు పిల్లికూనలా, ఆపైన వీధంతా వినేలా. ఎన్నో కచేరీలకి కరెంటు ఇచ్చిన నేను చెబుతున్నాను, అంతకంటే మంచి పాట వినలేదు.

తల్లినీ పిల్లనీ ఆసుపత్రికి తీసుకెళ్లి ఆక్సిజన్ పెట్టించారు. రెండు రోజుల తర్వాత క్షేమంగా తిరిగి వచ్చారు. మంగాయమ్మ నన్ను చూసి, "ఈ మాయదారిదాన్ని గోదాట్లో పారెయ్యి," అంది. బుల్లెబ్బాయి నా పక్కన చతికిలబడ్డాడు. "దీని తప్పేముందే? తెచ్చి లోపలెట్టింది నేను," అని కళ్లు తుడుచుకున్నాడు.

వాన వెలిశాక ఆ కిటికీ నుంచి పెరటి చివరికి అంగలు వేసుకుంటూ వెళ్లాడు. ఇరవై. అక్కడ నాలుగు రాటలు పాతి పైన రేకు వేశాడు, గోడ మాత్రం కట్టలేదు. పొగగొట్టం చేలవైపు తిప్పి నన్ను కూర్చోబెట్టాడు. బల్ల కింది పుస్తకం తీసి, మడతలు సాపు చేసి రాటకి కట్టాడు. బల్ల మళ్లీ ఊగడం మొదలుపెట్టింది.

ఆ పిల్లకి లక్ష్మీహారిక అని పేరు పెట్టారు. మాటలు వచ్చాక కిటికీ దగ్గర నిలబడి, తాత అంగలకి సరిపోవాలని దూకుతూ, లెక్కపెట్టుకుంటూ నా దగ్గరికి వచ్చేది. బడికి వెళ్లకముందే ఇరవై దాకా అంకెలు అలాగే నేర్చుకుంది.

ఇప్పుడు ఇంట్లో ఇన్వర్టరు వచ్చింది, నా పిస్టన్ అరిగిపోయింది. ఈ ఉదయం పాతసామాన్ల బండి వచ్చి నన్ను ఎక్కించుకుంది. బుల్లెబ్బాయి నా ట్యాంకు మీద మొదటి రోజులాగే అరచెయ్యి వేసి తీసేశాడు. బండి కదిలింది. లక్ష్మీహారిక కిటికీలోంచి తల బయటపెట్టి బండి ఎంత దూరం పోతోందో లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

పద్దెనిమిది, పంతొమ్మిది, ఇరవై. అక్కడితో లెక్క ఆపుతుందనుకున్నాను. నిండుగా ఊపిరి పీల్చుకుని, గొంతు పెంచి, ఇరవై ఒకటి అంది.