తీగ వంగిన చోటు

నర్మదకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: తన మొదటి బిడ్డకు ఎవరి గడ్డపారో తగులుతుందని.

ఆ బిడ్డ పేరు పెట్టకముందే పోయింది. పసికందును కాల్చరు, పాతిపెడతారు. అత్త కిష్టవ్వే కొంగులో చుట్టుకుపోయి, ఊరి బయట విమానాల మైదానం అంచున పాతి, నక్కలు తవ్వకుండా ముళ్లకంప కప్పి, రాయి పెట్టి వచ్చింది. ఎక్కడో నర్మదకు చెప్పలేదు. తల్లికి ఆ చోటు తెలిస్తే తర్వాతి బిడ్డ నిలవదని వాళ్లలో ఒక మాట. అప్పట్లో ఆ మైదానంలో మేకలు దిగేవే గాని విమానాలు దిగేవి కావు.

ఇచ్చోడ అవతల ఉన్న వాళ్ల చిన్న పట్నానికి, విమానాలు దింపడానికని ఎన్నాళ్లకో నిధులు మంజూరయ్యాయి. విమానం దిగే దారికి అడ్డమని ముందు ఇప్పచెట్లు కొట్టేశారు. తర్వాత దీపాలన్నారు. విమానం కిందికి వచ్చే చోట స్తంభాలు ఉండకూడదట, కరెంటు తీగ భూమిలోనే పోవాలట. అందుకని మైదానం అంచు పొడుగునా కాలువ తవ్వుతారట.

బోరింగు దగ్గర ఆ మాట విన్నప్పటి నుంచి నర్మదకు ముద్ద దిగలేదు. చంకలో రెండో పిల్లవాడు. మగడు కొండల్ మస్కట్‌లో. ఇక చెప్పుకునేది అత్తకే.

"అత్తా, ఏడ పెట్టినవో జర వాళ్లకు చూపియ్యి. నాకు చెప్పకు."

"ఫికర్ జెయ్యకు పిల్లా. నాకు యాదికున్నది."

నర్మద మైదానం పక్కన పోయే సడక్ దాకా వెంట వచ్చి, మైదానానికి వీపు తిప్పి నిలబడింది. మాటలు మాత్రం వినిపిస్తున్నాయి.

"గీడ కంప ఉండె, రాయి ఉండె. ఏవి?" అంది కిష్టవ్వ.

"కంప కాలవెట్టినం. రాళ్లన్ని ఏరి, సున్నమేసి, గా అంచుకు పేర్చినం. విమానం నడిపేటోనికి కనవడాలె గద అవ్వా" అన్నాడు మేస్త్రి హనుమంతు.

"నీ రాయి మీద పేరు రాసుకోకపోతివి" అని ఒక కూలీ నవ్వాడు.

"పేరు పెట్టకముందే పాయె బిడ్డా."

నవ్వు ఆగింది. గడ్డపారలు ఒక్కొక్కటే కింద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంజినీరు మధుసూదన్‌రావు గొంతు: "ఏందయ్యా, పని బందు వెట్టిండ్రు?"

"ముసలవ్వ కూసున్నది సార్. లేస్తలేదు."

"ఆమె సుట్టు తిప్పి తవ్వుండ్రి. తీగ వంగుతది, మనకేం పోతది."

ఇంటికి వచ్చాక నర్మద ఉండబట్టలేక అడిగింది: "గదే జాగనా, అత్తా?"

కిష్టవ్వ కాళ్ల మీద నీళ్లు పోసుకుంటూ, "ఏమో బిడ్డా. చెట్లు పోయినంక దిక్కు తెలుస్తలేదు. కాళ్లు ఏడ ఆగినయో ఆడ కూసున్న" అంది.

దీపాలు వచ్చాయి. ఒకే ఒక్క విమానం దిగింది, పోయింది. దీపాలు మాత్రం రోజూ పొద్దుగూకగానే వెలుగుతాయి. ఆ వెలుతురులో కిష్టవ్వ సున్నం రాళ్ల వెంట నడుస్తుంది. ఒకచోట కూర్చుంటుంది, నేల మీద చెయ్యి వేసి చూస్తుంది, లేచి ఇంకోచోట కూర్చుంటుంది. ఇంట్లో అన్నం చల్లారిపోతుంది. నర్మద సడక్ మీద అటు తిరిగి నిలబడి పిలుస్తుంది. కిష్టవ్వకు అంత దూరం నుంచి పిలిస్తే వినపడదు. మైదానంలోకి పోయి పిలుద్దామంటే ఆ చోటు కంటబడుతుందేమోనని, చంకలోవాడికి ఏమవుతుందోనని నర్మద సడక్ దిగదు.

పొద్దుగూకే వేళ మీరెవరైనా ఆ సడక్ మీద పోతుంటే జర ఆగండి. దీపాల దగ్గర కిష్టవ్వ ఎట్లా ఉందో చూడండి. చెయ్యి పట్టుకుని ఇంటిదాకా తీసుకురండి. ఎక్కడ కూర్చుని ఉందో మాత్రం నర్మదకు చెప్పకండి.