మూడు నెలల సిలిండరు

బట్టలు కుట్టే కొట్టులో పనిచేసే టైలరమ్మకి గొప్పలు చెప్పుకోవడం చేతకాదు, ఒక్క గ్యాస్ విషయంలో తప్ప. తల్లికి ఊపిరితిత్తులు పాడయ్యాయి, పొగ సోకకూడదని డాక్టరు చెప్పాక, కాళ్లరిగేలా తిరిగి సగం ధర సిలిండరు కార్డు సంపాదించింది. ఇరుగుపొరుగు ఇళ్లలో నెలన్నరకే ఖాళీ అయ్యే సిలిండరు వీళ్లింట్లో మూడు నెలలొచ్చేది.

పప్పు ముందే నానబెట్టాలి, గిన్నె మీద మూత పెట్టాలి అంటూ వీధిలో ఆడవాళ్లందరికీ పాఠాలు చెప్పేది. పోనీ, అక్కడితో ఊరుకుందా? గ్యాస్ ఆఫీసు నుంచి సర్వేకి వచ్చిన గుమాస్తాకీ అదే చెప్పింది. ఆయన ముచ్చటపడి రాసుకుపోయాడు. గుమ్మంలో కూర్చున్న తల్లి విని ఊరుకుంది. ఆ మీదట ఆ లెక్కే పట్టుకుని వీధి మొత్తానికీ ఏడాదికి నాలుగు సిలిండర్లే సగం ధరకి ఇస్తామన్నారు. అవి చాలక ఇంటింటా మళ్లీ రంపపు పొట్టు పొయ్యిలు రాజుకున్నాయి.

తల్లి దగ్గు మాత్రం తగ్గలేదు. ఇంట్లో పొగ ఉందా అని డాక్టరు అడిగినప్పుడల్లా, లేనే లేదని టైలరమ్మ ఒట్టేసి చెప్పేది. పక్కనే తల్లి నేలచూపులు చూసేది. పాపం, ఆయన మందులు మార్చి మార్చి చూశాడు.

ఒక మధ్యాహ్నం కొట్టులో కరెంటు పోయి టైలరమ్మ పెందలాడే ఇంటికొచ్చింది. పెరట్లో నీళ్ల డ్రమ్ము చాటున, తల్లి పొట్టు పొయ్యి ముందు కూర్చుని, కొంగుతో కళ్లొత్తుకుంటూ అన్నం వండుతోంది. టైలరమ్మ ఎదురుగా వెళ్లి నిలబడింది.

"ఎన్నాళ్లనుంచమ్మా ఇది?"

"మొదటి సిలిండరు వచ్చినప్పట్నుంచీ, నాలుగు డబ్బులు మిగులుతాయని. రాత్రి వంట స్టవ్ మీదే చేస్తున్నాగా."

"నాతో ఒక్క మాట చెప్పకూడదూ?"

"చెబుదామనే అనుకున్నా. నువ్వు అందరికీ అంత సంబరంగా చెప్పుకుంటుంటే నోరు రాలేదే."

టైలరమ్మ చెంబెడు నీళ్లు ఆ పొయ్యిలో గుమ్మరించింది. బియ్యం ఇంకా పలుకుగానే ఉన్నాయే అని తల్లి గొణిగింది. ఏం మనిషో ఆవిడ!

ఇక చేయగలిగిందేమీ లేదని డాక్టరు చెప్పేశాడు. నెల తిరక్కుండానే ఆవిడ పోయింది.

తర్వాత టైలరమ్మ గ్యాస్ ఆఫీసుకి వెళ్లి, మూడు నెలల లెక్క తప్పు, వీధి వాళ్ల పొట్ట కొట్టకండి అంది. నోటిమాట చెల్లదు, కాగితం మీద కారణం రాసిమ్మన్నాడు గుమాస్తా. రెండు కాగితాలు రాసి చింపేసింది. చివరికి "పగటి వంట మా అమ్మ పొగలో చేసింది. నాకు తెలియదు" అని రాసింది. రాసింది చదువుకుని, తెలియదన్న మాట దగ్గర ఆగి, ఆ బల్ల మీదే తల వాల్చి భోరుమంది.