అమ్మ ఫోన్‌కు పట్టిన తుప్పు

పొయ్యి ఆర్పి, కిటికీ తెరిచి, ఫోన్‌లోంచి బ్యాటరీ తీసి పక్కన పెట్టాకే సుభాషిణి స్పిరిట్ సీసా మూత తిప్పింది. పొట్టకూటికి వలస వచ్చిన బమ్రోలిలోని ఆ గదిలో వంటా, భర్త నరహరి రిపేరు పనీ ఒకే చోట. మిల్లు మరమగ్గాల ఎలక్ట్రానిక్ కార్డులు, అంటే సర్క్యూట్ బోర్డులు, అతను తెస్తాడు. వాటి మీది నూనె జిడ్డు, నూలు దుమ్ము, పాత టంకం మరకలు ఆమె తుడుస్తుంది. గీకకూడదు, మెత్తని బ్రష్షుతో ఒకే వైపుకు తియ్యాలి, పూర్తిగా ఆరేదాకా కరెంటు ఇవ్వకూడదు. ఆమె బీఎస్సీ చదువు అక్కడికి పనికొచ్చింది. "మా నరహరి చెయ్యి పడితే సచ్చిన కార్డు లేస్తది" అంటుంది అత్త రాజమ్మ, మిల్లు మనుషుల ముందు.

ఇవాళ ముందున్నది కార్డు కాదు, అమ్మ బుచ్చవ్వ బటన్ల ఫోన్. కరోనాతో జగిత్యాల దవాఖానలో అమ్మ పోయాక తమ్ముడు మహేశ్ పంపాడు. బీడీలు చుడుతూ అమ్మ పాడిన పాటను సుభాషిణే అందులో రికార్డు చేసింది. ఆ గొంతు ఇంకెక్కడా లేదు. పార్శిలు గడప దాటకముందే రాజమ్మ ఫోన్‌ను బ్లీచింగ్ నీళ్ళ బకెట్లో ముంచింది. "రోగం పోవాలె గదా! సబ్బు పెట్టి రుద్దకపోతి, సంతోషించు."

లోపల ఆకుపచ్చ తుప్పు. ముందు డిస్టిల్డ్ వాటర్‌తో బ్లీచింగ్ పోగొట్టి, తర్వాత స్పిరిట్ అద్దింది.

"సీసాల ఉన్నదే జరంత. శానిటైజర్లు వచ్చినంక యాడ దొరుకుతలేదు. మిల్లు శేఠ్ కార్డుకు ఏం పోస్తవ్? పారెయ్యి దాన్ని" అన్నాడు నరహరి. స్పిరిట్ కోసమే అయితే ఫోన్‌నే పారెయ్యమనడు అనుకుంది సుభాషిణి. ఆఖరి రోజుల్లో అమ్మ ఒక్కసారైనా ఫోన్ చేస్తుందని ఎంత ఎదురుచూసిందో! తను చేసినప్పుడల్లా స్విచాఫ్; అమ్మ చెయ్యలేదు. లాక్‌డౌన్‌లో రైళ్ళు లేక తను వెళ్ళలేకపోయిందని తెలిసీ, అమ్మ తన మీద అలిగే పోయిందనుకుంది.

తుప్పు వదిలింది. ఫ్యాను కింద బాగా ఆరనిచ్చి, ఇంట్లో ఉన్న మరో బ్యాటరీ పెట్టింది. వెలుతురు వచ్చింది. పాట నొక్కితే స్పీకర్ గరగరమని ఆగిపోయింది. మళ్ళీ నొక్కింది. ఏమీ లేదు.

"కాల్స్ సూడకు సుభా" అన్నాడు నరహరి. ఆమె తలెత్తింది. అతను నేలవైపు చూస్తున్నాడు.

"దవాఖానల ఉన్నప్పుడు మీ అమ్మ చేసింది. నీ ఫోన్ నేనే ఎత్తిన. నువ్వు కార్డు కడుగుతున్నవ్. అర్జెంట్ ఉండె. నీ బిడ్డ చేతులు ఖాళీ లెవ్వు, మల్ల చెయ్యుమన్న. మల్ల చేస్తదనే అనుకున్న..."

ఫ్యాను తిరుగుతోంది. తన చేతులు ఆరడానికి ఎంతసేపు పట్టేది? స్పిరిట్ ఇట్టే ఎగిరిపోతుంది.

గడప దగ్గర రాజమ్మ కేక: "ఏమే సుభా, మిల్లు మనిషొచ్చిండు! కార్డు అయిందా?"

నరహరి కార్డు ఆమె ముందుకు జరిపాడు. సుభాషిణి దాన్ని ముట్టలేదు. మూగబోయిన ఫోన్‌ను రెండు చేతుల్లోకి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"నా చేతులు ఖాళీ లెవ్వని చెప్పు" అంది.