రెండు గుమ్మాలూ దాటినవాడు

పార్లమెంటులో ఓటింగు గంట మోగింది. ఎనిమిది నిమిషాల్లో తలుపులు మూసేస్తారు. క్లైవ్ ఆక్రాయిడ్ చల్లారిన టీ వదిలేసి లేచాడు. ఐరోపా సమాఖ్య నుంచి బయటపడాలని జనం ఓటేసి మూడేళ్లు కావస్తోంది. ఎలా బయటపడాలో తేల్చమంటే పార్లమెంటు మాత్రం ఎక్కడ వేసిన గొంగళి అక్కడే. ఒప్పందం వద్దు, ఒప్పందం లేకుండా పోవడమూ వద్దు. వద్దనడానికి ఎన్నిసార్లు నడిచాడో క్లైవ్‌కే గుర్తులేదు. మొదట్లో కోపం వచ్చేది. ఇప్పుడు అదీ రావడం లేదు.

ఆ ఉదయమే తండ్రి విల్ఫ్‌తో ఫోన్లో మాట్లాడాడు. యార్క్‌షైర్ గనుల్లో బొగ్గు తవ్వి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న ముసలాయన, ఆసుపత్రిలో ఉన్నాడు; ఇక ఇంటికి రాడని అందరికీ తెలుసు. ఆయనా, ఆయన ఊరూ బయటపడాలనే ఓటేశారు. క్లైవ్‌ను గెలిపించి లండన్ పంపిందీ ఆ ఊరే.

"ఒక్కసారి మావైపు ఓటెయ్యరా. నే పోయాక నీ ఇష్టం."

"మన ఊరికే చేటు నాన్నా. ఉన్న ఒక్క ఫ్యాక్టరీ మూతపడుద్ది."

"గనులు మూసినప్పుడు మమ్మల్నెవడైనా అడిగాడా? ఇన్నాళ్లకి అడిగారు. చెప్పాం."

మళ్లీ చేస్తానని క్లైవ్ ఫోన్ పెట్టేశాడు.

బయటపడే తీర్మానానికి అవునన్నవాళ్లకు సభలో ఒక వరండా, కాదన్నవాళ్లకు ఒకటి. ఏ వరండాలో నడిస్తే అదే ఓటు. క్లైవ్ పరధ్యానంగా తన ముందు వెళ్తున్న బూడిదరంగు కోటును చూస్తూ నడిచాడు. గుమాస్తా పేరు రాసుకున్నాక గానీ అది అవునన్నవాళ్ల వరండా అని, చుట్టూ ఉన్నవన్నీ అవతలి పార్టీ మొహాలని గమనించలేదు.

పార్టీ విప్ ఫెనెల్లా బయట పట్టుకుంది. "ఏమయ్యా, నిద్రలో నడుస్తున్నావా? రెండు నిమిషాలుంది, పరుగెత్తు. అటు కూడా నడిస్తే దీనికి అది చెల్లు!"

పొరపాటున ఒక గుమ్మం దాటినవాడు రెండోదీ దాటి ఓటు రద్దుచేసుకోవడం అక్కడి ఆనవాయితీ. కదలకుండా నిలబడితే చాలు, తండ్రి అడిగింది జరిగిపోతుంది. కాళ్లు మాత్రం అలవాటుకొద్దీ కాదన్నవాళ్ల వైపు నడిచాయి.

తీర్మానం నూట నలభై ఓట్ల తేడాతో ఓడిపోయింది. ఎవరూ ఆశ్చర్యపోలేదు.

సాయంత్రం ఐదింటికి చెల్లెలు హేజెల్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి తండ్రికిచ్చింది.

"వేశాను నాన్నా," అన్నాడు క్లైవ్. అబద్ధం కాదు కదా అని సర్దిచెప్పుకున్నాడు.

"తెలుసులేరా. ఎవరెటు వేశారో నెట్లో పెట్టారంట, మీ చెల్లి చదివింది. అవునన్నోళ్ల పేర్లు ముందుంటాయి. నీ పేరు మొదట్లోనే వచ్చింది." ముసలాయన ఊపిరి కూడదీసుకున్నాడు. "ఇక చదవొద్దన్నాను."

ఆ కింద కాదన్నవాళ్లలోనూ తన పేరుంది. క్లైవ్‌కు సిగ్గేసింది. ఎన్నో నెలల తర్వాత ఏదో ఒకటి అనిపించడం అదే మొదటిసారి. ఎందుకొద్దన్నావని అడిగే ధైర్యం మాత్రం లేకపోయింది.

"సూప్ తాగావా నాన్నా?"

"తాగాన్లే. ఎప్పుడొస్తున్నావురా?"

"రేపు కూడా ఓటింగుంది నాన్నా."